పేలు లేని తుపాకీ

ప్రభుత్వ ఫైళ్లు ఎందుకు ఆలస్యమవుతాయన్నది మా కమిషనర్ గారు కనిపెట్టేవరకు ఎవరికీ తెలియదు. మేమంతా మనుషుల వల్ల అనుకునేవాళ్లం. కాదట, మాటల వల్లట. ఫైలులో మాటలు ఎక్కువైతే చదవడానికి సమయం పడుతుంది, చదవడానికి సమయం పడితే సంతకం ఆలస్యమవుతుంది, సంతకం ఆలస్యమైతే ప్రజలకు సేవ ఆలస్యమవుతుంది. కాబట్టి మాటలు తగ్గిస్తే సేవ పెరుగుతుంది. ఇంత తేలికైన సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ తట్టకపోవడం మన దురదృష్టం.

ఆ విధంగా ‘సంక్షిప్త పాలన’ వచ్చింది. ఇకమీదట ఏ ఫైలుకైనా విషయం మూడు మాటలు మించకూడదు. ఆ మూడూ ఆమోదిత పద పట్టికలోవే అయివుండాలి. పట్టికలో మొత్తం మూడు వందల పన్నెండు మాటలున్నాయి. ‘సూటి’ అనే కంప్యూటర్ ప్రోగ్రాం ఆ మాటల్ని చూసి, ఫైలు ఏ విభాగానికి పోవాలో తనే తేల్చి, తనే పంపేస్తుంది. అందుకున్నవాళ్లు విషయం మాత్రమే చదవాలి. లోపలి ఉత్తరం తెరిచి చదవడం కాలహరణం కిందికి వస్తుంది.

నా పేరు వరదరాజులు. దిన్నెపాడులో వన్యప్రాణి, పంట సమన్వయ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటును. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నాకు కాస్తో కూస్తో పేరొచ్చిందంటే అది విషయం రాయడంలోనే. పదకొండు లైన్ల పొడవున, ఎక్కడా చుక్క పెట్టకుండా, చదివినవాడికి ఊపిరాడకుండా ఒకే వాక్యంలో విషయం రాసిన రోజులున్నాయి. అలాంటి చేతికి మూడు మాటలిచ్చి బతకమన్నారు. సరేనన్నాను.

మా కార్యాలయం పని ఏమిటంటే, అడవి జంతువులకూ పంటలకూ మధ్య సామరస్యం నెలకొల్పడం. అందుకు మా దగ్గర ఒక తుపాకీ ఉంది. నలభై ఒక్క ఏళ్ల నాటి వేట తుపాకీ. దాన్ని ఎంత శ్రద్ధగా చూసుకుంటామంటే, ఏటా దసరాకు ఆయుధ పూజ నేనే స్వయంగా చేస్తాను. నిండా ఆముదం పట్టించి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, హారతి ఇస్తాను. పదకొండేళ్లుగా ఒక్క దసరా తప్పలేదు.

తుపాకీ పట్టడానికి లైసెన్సు ఉన్న షూటరు దస్తగిరి. అరవై దాటిన మనిషి, నున్నటి బట్టతల, మాట తక్కువ. రైతు వచ్చి అర్జీ పెట్టుకుంటే మేము అనుమతి ఇస్తాం, ఆయన తుపాకీ తీసుకెళ్లి పందుల్ని తరిమి వస్తాడు. చంపడం అరుదు. ఒక్కసారి ఆ శబ్దం వింటే పంది నెల్లాళ్లు ఆ దిక్కు తొంగిచూడదని ఆయన అనుభవం.

ఆ కార్తీకంలో ఓబుళమ్మ అనే రైతు వచ్చింది. ఊరి బయట నీళ్లు లేని వంక పక్కన నాలుగెకరాల వేరుశనగ ఆమెది. భర్త లేడు. చేను ఒక్కటే ఆధారం.

“సార్, వంకలో కంపచెట్ల కింద కాపరం పెట్టేసినాయి సార్ పందులు. పగలంతా ఆడే పండుకుంటాయి, పొద్దుగూకితే నా సేన్లోకి దిగుతాయి. ఇరవై దినాలుంటే శెనిక్కాయ పీకుతాము. అంతవరకన్నా కాపాడండి సార్” అంది.

అనుమతి ఇచ్చాం. దస్తగిరి తుపాకీ తీసుకుని వెళ్లాడు. మర్నాడు పొద్దున్నే తుపాకీని గుడ్డలో చుట్టి, గొట్టం నేలకేసి పట్టుకుని, చాలా జాగ్రత్తగా ఆఫీసులోకి వచ్చాడు. వెనకాలే ఓబుళమ్మ.

“పేలలేదు సార్” అన్నాడు.

“ఎందుకు పేలలేదు?” అన్నాను.

“ట్రిగ్గర్ నొక్కితే టక్కుమని సన్నంగా శబ్దమొచ్చింది, అంతే. ఒక్కోసారి ఆలస్యంగా పేలతాది గదా అని ఐదు నిమిసాలు గొట్టం మట్టికేసి పెట్టుకొని నిలబడినా. పేలలేదు. తూటా తీద్దామంటే బోల్టు కదల్లేదు. లోపల ఏందో జిడ్డు గెట్టిగా పట్టుకోని, బంక మాదిరి అయిపోయింది సార్. పిన్ను ముందరికి పోతే గదా తూటాను తట్టేది? తుపాకీకి ఏ రోగమూ లేదు. అర గలాసు కిరసనాయిలు, ఒక గుడ్డపీలిక ఇస్తే సాయంత్రానికి సరిచేస్తా.” అని గుడ్డ విప్పి, బోల్టు అంచున వేలితో గీకి చూపించాడు. గోటికి పసుపు రంగు జిడ్డు అంటుకుంది. ఆయన దాన్ని వాసన చూశాడు. “ఆముదం” అన్నాడు నావైపు తిరిగి.

నేను కిటికీలోంచి బయటికి చూశాను. బయట చూడదగ్గది ఏమీ లేదు. అయినా చాలాసేపు చూశాను.

అసిస్టెంట్ డైరెక్టర్ చక్రపాణి గారి గదిలోకి వెళ్లి విషయం చెప్పాం. ఆయన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. ఆయన గంభీరమైన విషయం మాట్లాడబోయే ముందు అలా చేస్తారు.

“కిరోసిన్ పోయడం అనేది మరమ్మతు. మరమ్మతుకు అనుమతి కావాలి. అనుమతికి ఫైలు కావాలి. ఫైలు తెరవకుండా ప్రభుత్వ ఆయుధంలో ఒక్క చుక్క ద్రవం పోసినా, అది ప్రభుత్వ ఆస్తి స్వరూపాన్ని మార్చినట్టవుతుంది. అంతవరకు యథాస్థితి” అన్నారు.

“సార్, లోపల తూటా ఉంది” అన్నాడు దస్తగిరి.

“తూటాకు కూడా యథాస్థితే.”

“అది కాదు సార్, ఆ తూటా ఎప్పుడన్నా...”

“దస్తగిరీ, ఎక్కువ పేలకు” అన్నారు చక్రపాణి గారు. ఆ రోజు మా ఆఫీసులో ‘పేలకు’ అన్న మాట మనిషికి పడింది. పేలాల్సింది మాత్రం మూలన మౌనంగా ఉంది. దస్తగిరి చేసేదిలేక దాన్ని గొట్టం పైకప్పుకేసి ఉండేలా నిలబెట్టి, తాడుతో గోడకు కట్టి, దాని ముందుకు ఎవరూ రాకుండా రెండు బీరువాలు అడ్డం జరిపి వెళ్లాడు.

నేను ‘సూటి’ తెరిచి కూర్చున్నాను. ‘తుపాకీ’ అని కొట్టాను. పట్టికలో ఉంది. ‘పేలకపోవుట’ అని కొట్టాను. గీత ఎర్రబడింది. పట్టిక తయారుచేసిన కమిటీ, పేలుడుకు సంబంధించిన మాటలన్నిటినీ శాంతిభద్రతల దృష్ట్యా తీసేసిందని తర్వాత తెలిసింది. ‘పేలుట’ కొట్టాను. మళ్లీ ఎరుపే. అప్పుడు కంప్యూటరే జాలిపడి ఒక సలహా ఇచ్చింది. ‘మీరు వెతుకుతున్న మాట: పేలు?’

ఆ మాట పట్టికలోకి ఎలా వచ్చిందంటే, బడిపిల్లల తలల్లో పేలు పోగొట్టే పథకం ఒకటి నడుస్తోంది. దానికోసం చేర్చారు. ‘లేకపోవుట’ కూడా పట్టికలో ఉంది. మా శాఖల్లో అన్నిటికంటే ఎక్కువ వాడే మాట అది.

నాకు అనుమానమొచ్చి చక్రపాణి గారిని అడిగాను. “సార్, పేలు అంటే వేరే అర్థం వస్తుందేమో.”

“భావం ముఖ్యం వరదరాజులు గారూ. తుపాకీ అన్న మాట పక్కన ఉండగా పేలు అంటే ఎవరైనా తలలో పేలు అనుకుంటారా? చదివేవాళ్లు విజ్ఞులు.”

‘తుపాకీ, పేలు, లేకపోవుట.’ మీట నొక్కాను. ఫైలు వెళ్లిపోయింది.

జవాబు నాలుగో రోజుకే వచ్చింది. సంక్షిప్త పాలన నిజంగానే వేగంగా ఉందని మేమంతా సంతోషించాం. జవాబు జిల్లా కేశ పరిశుభ్రతా విభాగం నుంచి.

‘పై విషయం పరిశీలించడమైనది. సదరు తుపాకీకి పేలు లేకపోవుట హర్షణీయము. జిల్లాలో తమకు పేలు లేవని స్వచ్ఛందంగా తెలియజేసిన మొట్టమొదటి కార్యాలయం మీదే అగుటచే ఈ విభాగం అభినందనలు తెలుపుచున్నది. నిర్ధారణ నిమిత్తం తనిఖీ అధికారి త్వరలో విచ్చేయుదురు. అంతవరకు తుపాకీని కడుగరాదు, దువ్వరాదు, ఇతరుల తుపాకులతో కలిపి పడుకోబెట్టరాదు.’

నేను ఉత్తరం చేత్తో పట్టుకుని చక్రపాణి గారి గదిలోకి పరిగెత్తాను. ఆయన రెండుసార్లు చదివారు. ఆయన ముఖంలో నేను కోపం కోసం వెతికాను. అక్కడ వేరే ఏదో కనిపించింది.

“ముప్పై ఏళ్ల సర్వీసులో నన్ను ఎవరైనా అభినందించడం ఇదే మొదటిసారి” అన్నారు మెల్లగా.

“సార్, కానీ ఇది పొరపాటున...”

“పొరపాటు ఎక్కడుంది? తుపాకీకి పేలు ఉన్నాయా?”

“లేవు సార్.”

“మరి?”

ఓబుళమ్మ రోజూ వస్తూనే ఉంది. వచ్చి బల్ల పక్కన నేలమీద కూర్చునేది. మొదట్లో నాలుగు సాళ్లు పోయినాయంది. తర్వాత అర్ధెకరం అంది. ఒకరోజు కొంగులో కట్టుకొచ్చిన వేరుశనగ మొక్కను నా బల్లమీద పెట్టింది. వేళ్లకు కాయలు లేవు, కొరికిన గుర్తులున్నాయి.

“తల్లీపిల్లా కలిసి దున్నేస్తాండాయి సార్. నేను రేకు డబ్బా కొట్టుకుంటా కూసుంటే, అవి నన్ను చూసి భయపడేది మానేసినాయి. ఆ డబ్బా సప్పుడుకే లేసి వస్తాండాయి ఇప్పుడు. తుపాకీ యామాయె సార్?”

“నీ ఫైలు కదిలిందమ్మా. అభినందనలు వచ్చాయి” అన్నాను. ఆ మాట అన్నందుకు నామీద నాకే రోత పుట్టింది. ఆ మొక్కను తీసి పక్కన పడేయడానికి కూడా చెయ్యి రాలేదు.

తనిఖీ అధికారి హైమావతి గారు వచ్చారు. చేతిలో భూతద్దం, సన్నపళ్ల దువ్వెన, తెల్ల గుడ్డ, ఒక పెద్ద సీసా. ఆమె దగ్గరున్నది బడిపిల్లల కోసం అచ్చువేసిన ఫారం. పథకానికి మరో ఫారం లేదు.

“విద్యార్థి పేరు?” అన్నారామె.

“తుపాకీ” అన్నాను.

“వయసు?”

“నలభై ఒకటి.”

ఆమె తల ఎత్తి చూశారు. “చాలాసార్లు తప్పినట్టుందే” అని రాసుకున్నారు. “సంరక్షకులు?”

దస్తగిరి ముందుకొచ్చాడు. ఆమె అతని బట్టతల వైపు చూసి, ‘సంరక్షకుని తల శుభ్రం’ అని రాశారు.

బీరువాలు జరిపించి తెల్లగుడ్డ పరిచారు. దస్తగిరి తుపాకీని తీసుకొచ్చి, గొట్టం కిటికీలోంచి ఆకాశంకేసి ఉండేలా పట్టుకున్నాడు. ఆమె భుజానికి తగిలించుకునే తోలు పట్టీని దువ్వెనతో మూడుసార్లు దువ్వారు. దుమ్ము రాలింది, పేను ఒక్కటీ రాలలేదు. తర్వాత భూతద్దం తీసుకుని గొట్టం కొనవైపు వంగబోయారు. దస్తగిరి చటుక్కున తన ఒళ్లు అడ్డం పెట్టాడు.

“అందులోకి మాత్రం చూడొద్దు తల్లీ. లోపల తూటా ఉంది.”

“గుడ్లు ఉన్నాయేమో చూడాలి కదా?” అన్నారామె.

“గుండు ఉందమ్మా, గుడ్లు కాదు.”

‘సంరక్షకుడు సహకరించలేదు’ అని రాసుకున్నారు హైమావతి గారు. అయినా ఆమె మనసు మంచిది. లోపల చూడలేకపోయిన చోట ముందు జాగ్రత్తగా మందు పోయాలని, రోజుకు రెండుసార్లు, వారం రోజుల పాటు పోయాలని రాసిచ్చి, సీసా మూత తీశారు. ఆఫీసంతా వాసన కొట్టింది. అందులో కొంచెం కర్పూరం, కొంచెం వేపనూనె ఉండొచ్చు. మిగతాది అచ్చంగా కిరోసినే.

దస్తగిరి ముక్కు ఎగబీల్చాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆయన ముఖం విప్పారింది.

“అమ్మా, ఈడ గూడా పోయండి” అన్నాడు బోల్టు చూపించి. “ఈ సందులో శానా ఉంటాయి. ఆ, ఇంగొంచెం. ఆ మూలలో ఉండేవి మొండివి తల్లీ, బాగా నానాల.”

‘సంరక్షకుడు తర్వాత సహకరించెను’ అని హైమావతి గారు దిద్దుకున్నారు.

ఏ అర గ్లాసు కిరోసిన్ కోసమైతే ఫైలు పెట్టామో, ఆ కిరోసిన్ పద్ధతి ప్రకారం, రోజుకు రెండుసార్లు, తుపాకీలో పడడం మొదలైంది. దస్తగిరి ఒక్క పూట మానలేదు. ఐదోరోజు నేను చూస్తూండగా ఆయన గొట్టం పైకి పెట్టి, బోల్టును గోరంత వెనక్కి లాగి, మళ్లీ మెల్లగా మూశాడు. నున్నగా కదిలింది.

“ఏమయింది దస్తగిరీ?”

“ఏం లేదు సార్. పేలు సచ్చినట్టుండాయి.”

ఆయన వెంటనే చక్రపాణి గారి గదిలోకి వెళ్లి, ఈ ఒక్క పూట తుపాకీ ఇప్పించమని అడిగాడు. ఓబుళమ్మ గుమ్మంలో నిలబడి దణ్ణం పెట్టింది. ఎకరన్నర పోయిందనీ, కోతకు తొమ్మిది రోజులే ఉందనీ, ఈ పంట పోతే విత్తనాలకు కూడా మిగలవనీ చెప్పింది. ఆమె ఏడవలేదు. ఏడ్చివుంటే బాగుండేది, వినడానికి అంత కష్టంగా ఉండేది కాదు.

చక్రపాణి గారు కళ్లజోడు తుడుచుకున్నారు. బల్లమీద కొత్త ఉత్తరం ఉంది. మా తుపాకీని ‘పేల రహిత ఆయుధం’గా ధ్రువీకరించారు. రాష్ట్రంలో ఇదే మొదటిది కాబట్టి పురస్కారం ఇవ్వడానికి కమిషనర్ గారే స్వయంగా వస్తున్నారు. సంక్షిప్త పాలన వల్ల ఒక తుపాకీ ఆరోగ్యం బాగుపడటం ఆయన్ను కదిలించిందట. మిగతా జిల్లాల తుపాకులన్నిటినీ ఈ ఏడాది చివరికల్లా పేల రహితం చేయాలని లక్ష్యం కూడా పెట్టారు.

“ఇప్పుడు తీసుకెళ్లి, ఒకవేళ అది పేలితే?” అన్నారు చక్రపాణి గారు.

“పేలడానికే గద సార్ తీసకపోయేది” అన్నాడు దస్తగిరి.

“పేలింది పేల రహితం ఎలా అవుతుంది? నువ్వే చెప్పు. పురస్కారం అందుకునేవరకు ఆ తుపాకీ పేలడానికి వీల్లేదు.”

దస్తగిరి చేతులు కట్టుకున్నాడు. తర్వాత చాలా వినయంగా అన్నాడు. “సరే సార్. కాకపోతే ఒక మాట. పెద్దసారు వస్తాండారంటే, ఈ ఇరుకు ఆఫీసులో ఏం బాగుంటాది? ఓబుళమ్మ సేను పక్కన బీడు ఉంది. ఆడ షామియానా ఏస్తే...”

“క్షేత్రస్థాయి!” అన్నారు చక్రపాణి గారు లేచి నిలబడి. మా శాఖలో ఆ మాటకు ఉన్న బలం అలాంటిది. కార్యక్రమం క్షేత్రస్థాయిలో జరిగిందని నివేదికలో రాసే అవకాశం వస్తే, మా వాళ్లు అన్నం కూడా పొలంలోనే తింటారు.

బయటికొచ్చాక ఓబుళమ్మ దస్తగిరి మీద విరుచుకుపడింది. “ఏందన్నా నువ్వు గూడా! నా సేను పోతావుంటే నా సేను గట్టున పండగ సేపిస్తావా?”

“నాలుగు దినాలు ఓపిక పట్టు సెల్లీ” అన్నాడు దస్తగిరి. “ఆ పొద్దు ఊర్లో గొర్రెల్ని, మనుషుల్ని వంక దిక్కు పోనీకు. అంతే నువ్వు చేయాల్సింది.”

ఆ మాట నేను విన్నాను. విని, విననట్టు లోపలికి వచ్చి కూర్చున్నాను. ఇరవై ఆరేళ్లలో మాట దాచుకోవడం నాకు బాగా అలవాటైంది. అయితే అది ఒక మంచి పనికి పనికిరావడం మాత్రం అదే తొలిసారి.

పురస్కారం రోజు పొద్దున పది గంటలకు బీడులో షామియానా లేచింది. ఒక పక్క కొరికేసిన చేను, ఇంకోపక్క వంక, వంక నిండా కంపచెట్లు. ఆ కంపలో పందులు పగటి నిద్రలో ఉన్నాయని ఊళ్లో అందరికీ తెలుసు. మా ఆహ్వాన పత్రికలో మాత్రం ‘సుందర ప్రకృతి నడుమ’ అని వేశాం.

కమిషనర్ గారు వచ్చారు. సన్నగా, చురుగ్గా, మాటల్ని పొదుపుగా వాడే మనిషి. ఆయన ఉపన్యాసం మొత్తం ఇది. “తుపాకీ. పేలు. లేవు. ఇదే పాలన.” చప్పట్లు మోగాయి. చక్రపాణి గారు మాత్రం పదిహేను నిమిషాలు మాట్లాడారు. ఆయన మాట్లాడటానికి పట్టిక లేదు కదా.

దస్తగిరి తుపాకీతో వేదిక అంచున నిలబడి ఉన్నాడు, గొట్టం నిటారుగా ఆకాశంకేసి. తోలు పట్టీకి బంతిపూల దండ వేశారు. హైమావతి గారు ధ్రువపత్రాన్ని చదివి కమిషనర్ గారి చేతికిచ్చారు. ఫొటో తీసేవాళ్లు దగ్గరికొచ్చారు. అప్పుడు ఒక విలేకరి అడిగాడు. “సార్, పేల రహితం అని ఎట్లా తెలుస్తుంది? జనానికి అర్థమయ్యేటట్టు చూపించొచ్చా?”

హైమావతి గారు దువ్వెన కోసం సంచిలో వెతికారు. దువ్వెన ఆఫీసులో మరిచిపోయి వచ్చారు. కమిషనర్ గారు చక్రపాణి గారి వైపు చూశారు. చక్రపాణి గారు దస్తగిరి వైపు చూశారు. ఆయనకు ఆ క్షణంలో, ఈ తుపాకీ గురించి తనకు నిజంగా తెలిసిన ఒకే ఒక్క సంగతి గుర్తొచ్చింది.

“దస్తగిరీ, ట్రిగ్గర్ నొక్కు. పేలదని చూపించు.”

“సార్, లోపల తూటా ఉంది” అన్నాడు దస్తగిరి. ఆయన ఆ మాట చెప్పడం అది ఏడోసారి. తర్వాత విచారణ జరిగినప్పుడు ఏడుసార్లూ నా డైరీలో ఉన్నాయి.

“ఉంటే ఉండనీ. ధ్రువపత్రం వచ్చాక కూడా అనుమానమేనా? నొక్కు!”

“అట్లయితే అందరూ నా ఎనక్కి రండి సార్. షామియానా బయటికి పోదాం. పిల్లలు చెవులు మూసుకోండి.”

పిల్లలు మూసుకున్నారు. పెద్దలకు ధ్రువపత్రం మీద నమ్మకం ఉంది కాబట్టి మూసుకోలేదు. దస్తగిరి వంక ఒడ్డున ఖాళీ చోట నిలబడి, అటూ ఇటూ చూసి, గొట్టాన్ని ఆకాశానికి ఎత్తి, బిస్మిల్లా అనుకుని నొక్కాడు.

పేలింది.

ఎలా పేలిందంటే, పదకొండు దసరాల పూజంతా ఒక్కసారే ఫలించినట్టు పేలింది. గొట్టంలోంచి పసుపు పొగ వచ్చింది. కమిషనర్ గారు పట్టికలో లేని మాట ఒకటి అన్నారు. చక్రపాణి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, పెట్టుకోవడం మరిచిపోయారు.

ఆ తర్వాత వంక కదిలింది. కంపలోంచి మొదట ఒక పెద్ద మగపంది, దాని వెనక తల్లులు, వాటి వెనక చారల పిల్లలు, నేను ఇరవై మూడు వరకు లెక్కపెట్టాను. వాటికి షామియానా దారిలో ఉంది. అవి పురస్కార వేదిక కిందినుంచి వెళ్లాయి, రెండు వేదిక మీదినుంచే వెళ్లాయి. బంతిపూల దండలు పెట్టి తెచ్చిన పళ్లేన్ని ఒకటి తలతో ఎత్తుకుపోయింది. మనిషి ఒక్కరికీ గీత పడలేదు. అన్నీ కొండవైపు తిరిగి, ధూళి లేపుకుంటూ, అటూ ఇటూ చూడకుండా పోయాయి. ఓబుళమ్మ చేను గట్టున నిలబడి రెండు చేతులూ చాచి అరుస్తోంది. “పోండి! పోండి! ఇంగ రావొద్దు!” ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నాకు మాత్రం కళ్లనీళ్లు తిరిగాయి.

కోతకు అప్పటికి ఇంకా ఐదు రోజులుంది. ఆ ఐదు రోజులూ ఒక్క పంది రాలేదు.

కానీ ఆఫీసు పని మిగిలే ఉంది. తుపాకీ పేలిన సంగతి నివేదించాలి. నేను ‘సూటి’ ముందు కూర్చున్నాను. ‘పేలింది’ లేదు. ‘పేలెను’ లేదు. నాకు దొరికేవేవో నాకు ముందే తెలుసు, ఆ తర్వాత ఏం జరుగుతుందో కూడా తెలుసు. అయినా నిబంధన నిబంధనే.

‘తుపాకీ, పేలు, ఉండుట.’

ఈసారి జవాబు రెండో రోజే వచ్చింది.

‘పేలు లేవని ధ్రువీకరించిన పిమ్మట పేలు తిరుగబెట్టుట తీవ్రముగా పరిగణించడమైనది. నిబంధన తొమ్మిది ప్రకారం సదరు విద్యార్థితో ఒకే గదిలో కూర్చున్నవారు, ఒకే వేదికపై నిలబడినవారు అందరూ మూడు రోజుల్లోగా శిరోముండనం చేయించుకుని ఫొటో జతపరచవలెను. తనిఖీ అధికారికి మినహాయింపు కలదు. విద్యార్థికి జుట్టు లేనందున మినహాయింపు కలదు.’

మా ఆఫీసులో మేము ఏడుగురం మగవాళ్లం. చక్రపాణి గారు అప్పీలు చేద్దామన్నారు. అప్పీలుకు విషయం మూడు మాటల్లో రాయాలి. పట్టికలో ‘జుట్టు’ ఉంది, ‘కావలెను’ ఉంది. కానీ ఆ ఫైలు విగ్గుల విభాగానికి పోతుందేమోనని ఆయనే భయపడి ఊరుకున్నారు. బస్టాండు దగ్గర మంగలి షాపులో ఏడుగురం వరసగా కూర్చున్నాం. రాజధానిలో కమిషనర్ గారు కూడా టోపీతో ఆఫీసుకు వస్తున్నారని తెలిసింది. ఆయన వేదిక మీద నిలబడ్డారు కదా. దస్తగిరికి నిబంధన వర్తించలేదు. ఆయన తల శుభ్రమని ప్రభుత్వ రికార్డులోనే ఉంది.

పదిరోజుల తర్వాత ఓబుళమ్మ ఆఫీసుకు వచ్చింది. నెత్తిమీద గంప. గంప నిండా ఉడకబెట్టిన వేరుశనగకాయలు, ఇంకా వేడిగా, ఉప్పు వాసనతో. వెనకాల దస్తగిరి ఉన్నాడు. ఆమె గుమ్మంలో ఆగి, ఆరు బల్లల వెనక ఆరు గుండ్లు, లోపలి గది తలుపు దగ్గర ఫైలుతో నిలబడ్డ చక్రపాణి గారి గుండు చూసి, నోరు తెరిచింది.

“అందురూ కలిసి ఏ కొండకు పొయ్యొచ్చినారు సార్?”

చక్రపాణి గారు ఫైలులో తల దూర్చారు. అందరూ నావైపు చూశారు. 

“మొక్కమ్మా” అన్నాను. “నీ పంట చేతికొస్తే గుండు కొట్టించుకుంటామని ఆఫీసంతా మొక్కుకున్నాం.”

ఆమె గంప కిందికి దింపింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. “నా సేను కోసరమా సార్? రెండెకరాలన్నా మిగిలె గదా అనుకుంటాండా గానీ, దీనెనక ఇంత ఉందని నాకేం తెలుసు సామీ!” అంటూ ఒక్కొక్కరి బల్లమీదా దోసిళ్లతో కాయలు పోసింది. నా బల్లమీద రెండు దోసిళ్లు పోసింది. మేం సరైన సమయంలో అర గ్లాసు కిరోసిన్ ఇచ్చివుంటే నాలుగెకరాలూ మిగిలేవి. 

దస్తగిరి నా దగ్గరికి వచ్చి వంగాడు. తన బట్టతల మీద ఒకసారి, నా గుండు మీద ఒకసారి చూపు నిలిపి, నాకు మాత్రమే వినపడేటట్టు అన్నాడు.

“వరదరాజులు సార్, వచ్చే దసరాకి ఆ ఆముదం తుపాకీకొద్దు. మీ తలకు పెట్టుకోండి. ఎంటికలన్నా వస్తాయి.”